ఐపీ అనే రెండక్షరాలు

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు చేసే పిల్లలకు ఐపీ అంటే కంప్యూటరు అడ్రసు. బందరులో ఐపీ అంటే అడ్రసు లేకుండా పోవడం.

"ఫలానా ఆయన ఐపీ పెట్టేశాడంట" అన్న మాట గుడివాడలో బయల్దేరితే పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ చేరడానికి ఆట్టే సేపు పట్టదు. విన్నవాడు ఐపీ అంటే ఏమిటని అడగడు. "ఎంతకి?" అంటాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "మనోళ్ళవి ఏమన్నా ఉన్నాయా అందులో?" అంటాడు. చదువు రాని ముసలమ్మకు కూడా ఆ రెండక్షరాలు తెలుసు. అవి ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్న ఇంగ్లీషు మాటలకు పొట్టి రూపమని తెలియకపోవచ్చు. కొంగున కట్టుకున్న ప్రోనోటు చిత్తుకాగితం కాబోతోందని మాత్రం తెలుసు.

ఆ వాక్యాన్ని కాస్త ఆగి చూడండి. ఐపీ పెట్టేది ఎప్పుడూ బాకీపడ్డవాడే. "అప్పులవాళ్ళంతా కలిసి ఆయన మీద ఐపీ పెట్టించారు" అని మన డెల్టాలో ఎవరైనా అనగా విన్నారా? చట్టంలో మాత్రం రెండు తలుపులున్నాయి. ఒకటి బాకీదారు తనంతట తాను వెళ్ళేది, ఇంకొకటి అప్పిచ్చినవాళ్ళు వెళ్ళేది. చరిత్రలో ముందు పుట్టింది అప్పిచ్చినవాళ్ళ తలుపే. ఎగవేసేవాడి ఆస్తిని కోర్టు చేత స్వాధీనం చేయించి, అందరూ పంచుకోవడానికి కట్టిన తలుపు అది. అది మూతపడి, బాకీదారు తలుపు ఒక్కటే ఊరి నోట్లో ఎలా మిగిలిందన్నదే ఈ కథ.

గిరి గీసిన కాలం

అప్పు వసూలు మనకు కొత్త విద్య కాదు. ధర్మశాస్త్రాలు చెప్పిన పద్ధెనిమిది వ్యవహార పదాల్లో మొదటిది ఋణాదానం. బాకీ రాబట్టడానికి మనువు అయిదు దారులు చెప్పాడు: ధర్మం, వ్యవహారం, ఛలం, ఆచరితం, బలం. మంచి మాట చెప్పడం, దావా వేయడం, ఉపాయం పన్నడం, ఊరి ఆచారం ప్రకారం పట్టుబట్టి కూర్చోవడం, చివరికి చెయ్యి చేసుకోవడం. ఇప్పటి ఫైనాన్సు వసూలుదార్లు ఈ వరుసను తలకిందులు చేశారే తప్ప ఆరో దారి కనిపెట్టలేదు. తిక్కన కాలంవాడైన కేతన యాజ్ఞవల్క్య స్మృతికి వచ్చిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకుని తెలుగులో 'విజ్ఞానేశ్వరీయం' రాశాడు. అంటే వ్యవహార ధర్మం పదమూడో శతాబ్దంలోనే తెలుగు పద్యానికెక్కింది.

ఆ శతాబ్దం చివర్లోనే మార్కోపోలో ఈ తీరానికి వచ్చాడు. మనకు దక్షిణాన ఉన్న మాబారు సీమలో, అంటే తమిళ తీరంలో, చూసిన ఒక వింత రాసిపెట్టుకున్నాడు. అప్పిచ్చినవాడు బాకీదారు చుట్టూ నేల మీద గిరి గీస్తే, బాకీ తీర్చేదాకా, లేదా హామీ ఇచ్చేదాకా, అతను ఆ గీత దాటకూడదట. సాక్షాత్తు రాజునే ఒక విదేశీ వర్తకుడు అలా గిరిలో నిలబెడితే, రాజు కదలకుండా నిలబడి బాకీ తీర్చి వెళ్ళాడట.

ఆ పద్ధతుల్లో ఒక నీతి ఉంది, ఒక లోపం కూడా ఉంది. నీతి ఏమిటంటే అప్పు మనిషిని వదలదు. తండ్రి చేసిన బాకీ కొడుకు తీర్చడం పుణ్యకార్యమన్నారు. హిందూ చట్టంలో ఆ బాధ్యత 2005 వారసత్వ సవరణ దాకా నిలిచే ఉంది. అదే శాస్త్రం దామదుపట్టు అనే కట్టడి కూడా పెట్టింది: ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదు. ఇక లోపం. గిరి గీసేది ఒక్కడే. ముందు వచ్చి గీసినవాడికి డబ్బు దక్కుతుంది, ఆ వెనక వచ్చిన పదిమందికి ఖాళీ గిరి మిగులుతుంది. పదిమందికి బాకీపడి అందరికీ సరిపడా ఆస్తి లేనివాడిని ఏం చేయాలన్న ప్రశ్నకు గిరి దగ్గర జవాబు లేదు.

ఆ స్థితికి మనం వాడే మాట దివాలా. అది ఉత్తరాది నుంచి దిగిన మాట. వ్యుత్పత్తి మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు కానీ, దీపంతో ముడిపెట్టే కథ ఒకటుంది. వ్యాపారం చితికిన వర్తకుడు కొట్లోనో ఇంట్లోనో దీపం వెలిగించిపెట్టి, కొన్నాళ్ళు కనబడకుండా పోయేవాడట. లెక్కలు తేలి, ఉన్నదాంట్లో ఎవరి వంతు వాళ్ళకు అందాక తిరిగి వచ్చేవాడట. 1808లో బొంబాయిలో అచ్చయిన డ్రమ్మండ్ అనే ఇంగ్లీషాయన పుస్తకంలో ఈ ఆచారం ప్రస్తావన ఉంది. ఇటలీలో డబ్బు మార్చే వ్యాపారి చితికిపోతే అతని బల్ల విరగ్గొట్టేవారని, ఆ విరిగిన బల్లే ఇంగ్లీషులో బ్యాంక్రప్ట్ అయిందని మరో కథ. బల్ల విరగ్గొట్టినా దీపం వెలిగించినా ఊరికి చెప్పే సంగతి ఒకటే: ఇక విడివిడిగా రాకండి, అందరూ కలిసి రండి.

వలందపాలెం దారిలో

బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని పేటలున్నాయి. వలందులంటే డచ్చివాళ్ళు, పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. డచ్చి కంపెనీ 1605లో వచ్చింది, ఇంగ్లీషు కంపెనీ 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చింది. ఇద్దరూ కోరింది గుడ్డలే. వర్తకుడికి ముందుగా డబ్బిస్తే, అతను నేతగాళ్ళకు ముందుగా ఇచ్చి నేయించేవాడు. కాబట్టి ఈ తీరంలో విదేశీ వ్యాపారమంతా అప్పు మీదే నడిచింది. ఓడ వచ్చే వేళకు సరుకు అందకపోతే అడ్వాన్సు బాకీ అయ్యేది.

ఆ డచ్చివాళ్ళ సొంత ఊరు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ శతాబ్దంలోనే దివాలా ఎస్టేట్లు చూడడానికి ప్రత్యేకంగా ఒక కార్యాలయం ఉంది. 1656లో చిత్రకారుడు రెంబ్రాంట్ అప్పుల్లో మునిగి తన ఆస్తినంతటినీ రుణదాతలకు అప్పగిస్తానని అర్జీ పెట్టుకుంటే, ఆ కార్యాలయం వాళ్ళు ఇంటికి వచ్చి బొమ్మలు, శిల్పాలు, సామాన్లు ఒక్కొక్కటే జాబితా రాశారు. ఆ జాబితా ఇప్పటికీ ఉంది. ఆస్తి ఒక మనిషి చేతిలోంచి తీసి మూడోవాడి చేతిలో పెట్టడం, జాబితా రాయడం, అమ్మడం, పంచడం అన్న ఈ వరుసకు స్కాట్లండులోనూ దక్షిణాఫ్రికాలోనూ సీక్వెస్ట్రేషన్ అని పేరు. డచ్చి న్యాయం వేళ్ళూనిన దక్షిణాఫ్రికాలో 1936 నాటి ఇన్సాల్వెన్సీ చట్టం కింద రుణదాతే కోర్టుకెళ్ళి బాకీదారు ఎస్టేటును ఇలా స్వాధీనం చేయించవచ్చు. అయితే దానివల్ల రుణదాతలందరికీ ఎంతో కొంత మేలు జరుగుతుందని చూపించాలి. ఒక్కొక్కప్పుడు ఎస్టేటు ఖర్చులకు కూడా చాలకపోతే, ఆ ఖర్చు అడిగినవాళ్ళ నెత్తినే పడుతుంది. 1860 తర్వాత చెరకు తోటల పనికి నేటాలుకు ఓడలెక్కిన తెలుగువాళ్ళ వారసులు ఇవాళ ఆ చట్టం కిందే బతుకుతున్నారు. బందరులో డచ్చి సమాధులు మిగిలాయి. న్యాయం మాత్రం 1825లో డచ్చివాళ్ళతో పాటే వెళ్ళిపోయింది. మనకు దక్కింది ఇంగ్లీషువాళ్ళ పద్ధతి.

లండన్ నుంచి బందరు కోర్టుకు

ఇంగ్లండులో మొదటి దివాలా చట్టం 1542లో, ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చింది. పరాయి సొమ్ము చేతికి తీసుకుని పారిపోయేవాడినో, ఇంట్లో తలుపేసుకుని కూర్చునేవాడినో పట్టి, ఆస్తి లాక్కుని, అప్పులవాళ్ళకు వంతులవారీగా పంచడానికే అది పుట్టింది. అందులో బాకీదారుకు ఊరట అన్న మాటే లేదు. 1705లో రాణి ఆన్ కాలపు చట్టం నిజాయితీగా ఆస్తి అప్పగించినవాడిని బాకీ నుంచి విడుదల చేయవచ్చని మొదటిసారి ఒప్పుకుంది. మోసం చేసి దాచినవాడికి ఉరిశిక్ష వేసిందీ ఆ చట్టమే. బాకీదారు తనంతట తాను వచ్చి "నన్ను దివాలాదారుగా ప్రకటించండి" అనే హక్కు ఆ తర్వాతెప్పుడో, నెమ్మదిగా వచ్చింది.

ఆ ఇంగ్లీషు చట్టం ముందు ఓడరేవు పట్నాలకే దిగింది. 1828లో కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లో దివాలా కోర్టులు పెట్టారు. 1848లో దాన్ని తిరగరాశారు. బందరు, గుడివాడ లాంటి చోట్ల దివాలా చట్టం అంటూ విడిగా లేదు. డిక్రీపడి జైలుకెళ్ళబోయే బాకీదారు దివాలా అర్జీ పెట్టుకోవడానికి 1877, 1882 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లలో ఒక అధ్యాయం ఉండేది, అంతే.

ఇక్కడ డెల్టా సంగతి చెప్పుకోవాలి. బెజవాడ దగ్గర 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్ట ఈ నేల జాతకం మార్చింది. ఎకరం మాగాణి అయ్యాక ఎకరానికి విలువొచ్చింది. విలువొచ్చాక తాకట్టు, తాకట్టు వెంట అప్పు, అప్పు వెంట డిక్రీ, డిక్రీ వెంట వేలం వచ్చాయి. 1859లో కృష్ణా జిల్లా ఏర్పడి బందరు జిల్లా కేంద్రమైంది. జిల్లా కోర్టు కూడా అక్కడే. ప్రోనోటు, చెల్లు, దావా, అమీనా, జప్తు, దండోరా అన్న మాటలు కాలువ నీళ్ళతో పాటే పల్లెలకు చేరాయి.

మద్రాసు రాష్ట్రాన్ని కుదిపిన దివాలా 1906 అక్టోబరు 22న జరిగింది. వందేళ్ళకు పైబడిన ఆర్బత్‌నాట్ కంపెనీ ఆ రోజు తలుపులు మూసి మద్రాసు హైకోర్టులో దివాలా అర్జీ పెట్టింది. ఉద్యోగులు, వితంతువులు, పెన్షనర్లు దాచుకున్న డబ్బంతా అందులో పోయింది. యజమాని సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు పద్ధెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. ఆ మంట మీదనే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. పదహారేళ్ళకు, 1923 నవంబరులో, భోగరాజు పట్టాభిసీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అప్పటికే 1915లో జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పుట్టుకలోనూ ఆయన చెయ్యి ఉంది. వడ్డీ వ్యాపారి గుప్పిట్లోంచి రైతును బయటికి లాగాలంటే అప్పు పుట్టే చోటే మారాలన్నది ఆ తరం నమ్మకం.

పల్లెసీమలకు విడిగా దివాలా చట్టం రావడం కూడా 1907లోనే. 1909లో ప్రెసిడెన్సీ పట్నాలకు వేరే చట్టం వచ్చింది. 1907 చట్టాన్ని తిరగరాసి 1920లో అయిదో నంబరు చట్టంగా ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టు తెచ్చారు. మన నోట్లో నానే ఐపీ దీని బిడ్డే. నూరేళ్ళు దాటినా మామూలు మనిషి దివాలాకు ఇప్పటికీ అదే చట్టం.

అప్పులవాళ్ళ తలుపు

ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో ఒక ఊహా కథతో చూద్దాం. గుడివాడలో ఒక రైసుమిల్లు ఆసామి ఉన్నాడనుకోండి. ముదినేపల్లి, నందివాడ రైతుల ధాన్యానికి డబ్బు బాకీ. దివిసీమ నుంచి వచ్చిన చుట్టాల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోట్లు. మిల్లు మీద బ్యాంకు తాకట్టు. హమాలీలకు, గుమాస్తాకు జీతాలు నిలిచాయి. ఒక రోజు మిల్లుకు తాళం పడింది, ఫోను మోగడం మానేసింది.

చట్టం మొదట అడిగేది "దివాలా చర్య" జరిగిందా అని. అప్పులవాళ్ళకు అందకుండా ఇల్లు వదిలిపోవడం, ఇంట్లోనే ఉండి మొహం చాటేయడం, వాళ్ళను ముంచే ఉద్దేశంతో ఆస్తి బదలాయించడం, ఒక రుణదాతకే అన్యాయంగా మేలు చేయడం, డిక్రీ అమల్లో ఆస్తి వేలమైపోవడం, "ఇక ఇవ్వలేను" అని ఏ రుణదాతకైనా తెలియజేయడం, బాకీ డిక్రీ మీద జైలుకెళ్ళడం, తానే దివాలా అర్జీ పెట్టుకోవడం - వీటిలో ఏదో ఒకటి ఉండాలి. 1542లో హెన్రీ చట్టం పట్టుకోజూసిన మనుషులే, మొహం చాటేసేవాడూ పారిపోయేవాడూ, ఇక్కడా ఉన్నారు.

రెండోది మొత్తం. అర్జీ పెట్టే రుణదాతకు, లేదా కలిసి పెట్టే రుణదాతలకు, రావలసింది అయిదు వందల రూపాయలుంటే చాలు. 1920లో అది బరువైన మొత్తం, ఇవాళ సంచి కూరగాయల ఖరీదు. ఆ అంకె మాత్రం మారలేదు. బాకీ ఎంతో తేలి ఉండాలి. తాకట్టున్న రుణదాత అయితే ఆ తాకట్టు అందరి కోసం వదులుకుంటానని చెప్పాలి, లేదా దాని విలువ కట్టి మిగిలిన బాకీకే అర్జీ పెట్టాలి.

మూడోది గడువు. దివాలా చర్య జరిగిన మూడు నెలల లోపే అర్జీ పడాలి. ఈ మూడు నెలలను గుర్తుపెట్టుకోండి, కథ చివర దీనితో పనుంది.

అర్జీ తీసుకున్నాక, సరుకు మాయమయ్యే ప్రమాదం ఉందంటే కోర్టు వెంటనే తాత్కాలిక రిసీవరును వేయవచ్చు. విచారణలో రుణదాత తన బాకీనీ దివాలా చర్యనూ రుజువు చేయాలి. బాకీదారు "నాకు తీర్చే శక్తి ఉంది" అని నిరూపిస్తే అర్జీ కొట్టేస్తారు. పగతో వేసిన అర్జీ అని తేలితే వెయ్యి రూపాయల దాకా నష్టపరిహారం కూడా వేయవచ్చు. అన్నీ నిలిస్తే దివాలా ఉత్తర్వు వస్తుంది. ఆ క్షణం నుంచి ఆస్తి ఆసామిది కాదు, అఫీషియల్ రిసీవరు చేతిలోకి పోతుంది. విడివిడిగా దావా వేయాలన్నా ఆస్తి మీద చెయ్యి వేయాలన్నా కోర్టు అనుమతి కావాలి. ఆ ఉత్తర్వు అర్జీ పెట్టిన రోజు నుంచే లెక్కకొస్తుంది.

ఇప్పుడు మన ఆసామి ఆస్తి లెక్క వేద్దాం. మిల్లు 1 కోటీ 20 లక్షలు, బ్యాంకుకు కోటి పోతే 20 లక్షలు మిగులు. 40 లక్షల ఇల్లు ఉంది కానీ అర్జీకి పద్నాలుగు నెలల ముందే భార్య పేర దానపట్టా రాశాడు. 30 లక్షల పొలం ఉంది కానీ రెండు నెలల ముందు బావమరిది బాకీ కింద అతనికే రిజిస్టరు చేశాడు. పైకి చూస్తే మిగిలింది 20 లక్షలే. ఖర్చులు, పన్నులు, జీతాలకు రెండు పోతే 18 లక్షలు. తాకట్టు లేని బాకీలు, బావమరిదిది తీసేస్తే, 1 కోటీ 46 లక్షలు. రూపాయికి పన్నెండు పైసలు.

ఈ చట్టం బలమంతా ఇక్కడే ఉంది. అర్జీకి రెండేళ్ళ లోపు ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన దానపట్టాను రిసీవరు రద్దు చేయించవచ్చు. మూడు నెలల లోపు ఒక రుణదాతకే పక్షపాతంగా చేసిన చెల్లింపునూ రద్దు చేయించవచ్చు. ఇల్లు వెనక్కి వచ్చింది, పొలం వెనక్కి వచ్చింది. బావమరిది కూడా మిగతావాళ్ళతో పాటు వరుసలో నిలబడ్డాడు. ఆస్తి 90 లక్షలు, రెండు పోతే 88. బాకీలు 1 కోటీ 76 లక్షలు. రూపాయికి ఎనిమిదణాలు. ఇదే పని ఒక రైతు ఒంటరిగా దావా వేసి చేయాలంటే ఏళ్ళు పడుతుంది, అందరి తరఫునా రిసీవరు చేస్తే దారి సులువు.

కాకపోతే వంటగిన్నెలు, పడక, కట్టుబట్టలు, వృత్తి పనిముట్లు రిసీవరు ముట్టుకోకూడదు. రైతయితే నాగలి, బతకడానికి కావలసిన పశువులు, విత్తనాలు, తానుంటున్న ఇల్లు కూడా. మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని ఆభరణం కూడా మినహాయింపే. సివిల్ ప్రొసీజర్ కోడ్ రాసినవాళ్ళు మంగళసూత్రం అన్న మాట వాడలేదు కానీ ఆ చోటు దానిదే.

తలుపు ఎటు తిరిగింది

మరి అప్పులవాళ్ళ తలుపు ఇంత బలంగా ఉంటే మనవాళ్ళు దాన్నెందుకు మరిచారు?

మొదటి కారణం ఈపీ. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయమని వేసేది ఎగ్జిక్యూషన్ పిటిషన్, ఊరి భాషలో ఈపీ. బాకీ కట్టకపోతే అరెస్టు చేయించి సివిల్ జైలుకు పంపమని అడగవచ్చు. అలా అరెస్టయి వచ్చినవాడికి "దివాలా అర్జీ పెట్టుకునే దారి నీకుంది" అని చెప్పే ఏర్పాటు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. నెలలో అర్జీ పెడతానని హామీ ఇస్తే కోర్టు వదిలేయవచ్చు. జైలు గుమ్మం ముందు బాకీదారు చేతిలో పెట్టిన గొడుగు అది. ప్లీడర్లు దాన్ని గుమ్మం దాకా వెళ్ళకముందే తెరవడం నేర్పారు. "నువ్వు ఈపీ వేస్తే నేను ఐపీ వేస్తా" అన్న బెదిరింపు అలా పుట్టింది. పేదరికం వల్ల తీర్చలేనివాడిని బాకీ కోసం జైల్లో పెట్టడం తగదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక ఈపీలో అరెస్టు పదును తగ్గింది. ఐపీ అలవాటు మాత్రం మిగిలింది.

రెండో కారణం గడ్డు కాలాలు. 1930 తర్వాత ప్రపంచ మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలితే అసలుకు వడ్డీ, వడ్డీకి వడ్డీ కలిసి పొలాన్ని మించిపోయాయి. రాజాజీ మంత్రివర్గంలో టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రిగా ఉండగా, 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం వచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయింది. అసలుకు రెండింతలు కట్టేసినవాడికి అప్పు తీరినట్టే. పాత దామదుపట్టు కొత్త చట్టంగా మళ్ళీ పుట్టిందన్నమాట. దాంతో రైతు మనసులో కోర్టుకు బాకీదారును కాపాడే చోటన్న పేరు పడింది.

మూడో కారణం మనమే. రుణదాత ఐపీ వేస్తే ఖర్చు ముందు తనది, ఫలం మాత్రం అందరిదీ. దావా వేసి మొదట జప్తు చేయించుకుంటే ఫలం తన ఒక్కడిది. అందుకే ప్రతివాడూ మొదటి గిరి తానే గీయాలనుకుంటాడు. పైగా మన అప్పులు చాలావరకు గుట్టు అప్పులు. కూతురి పెళ్ళికి దాచిన డబ్బు, మొగుడికి చెప్పకుండా ఇచ్చిన చీటీ డబ్బు, లెక్క చూపని డబ్బు. వీటిని కోర్టులో చెప్పుకుని అర్జీ వేసేదెవరు? ఊరి పెద్దల ముందు "రూపాయికి పావలా" అని తేల్చుకుని ప్రోనోటు చింపేయడమే గౌరవమనిపిస్తుంది.

నిజానికి చట్టం ఐపీ పెట్టినవాడిని ఊరికే వదలదు. విడుదల కోసం మళ్ళీ విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఆస్తి రూపాయికి ఎనిమిదణాలు కూడా రాకపోతే, అది తన తప్పు కాదని నిరూపించుకోవాలి. జూదం, దుబారా, లెక్కల పుస్తకాలు పెట్టకపోవడం బయటపడితే పూర్తి విడుదల దొరకదు. మోసం చేసి తెచ్చిన అప్పు, ప్రభుత్వ బాకీ విడుదలలో పోవు. ఆస్తి దాచినవాడికి ఏడాది దాకా జైలు. విడుదల పొందని దివాలాదారు చట్టసభలకు పోటీ చేయకూడదని రాజ్యాంగమే చెబుతోంది. కానీ ఈ రెండో అంకం చూసేదాకా ఊరు ఆగదు. నోటీసు వచ్చిన రోజే తెర దించేస్తుంది.

కొత్త కోడ్, పాత గుమ్మం

2016లో దివాలా స్మృతి, అంటే ఐబీసీ వచ్చింది. కంపెనీ దివాలా అయితే అమరావతి బెంచి లాంటి కంపెనీ లా ట్రైబ్యునళ్ళకు వెళుతుంది. 2020 మార్చి నుంచి కనీస బాకీ కోటి రూపాయలు. వ్యక్తులకూ అందులో ఒక భాగం రాసి, పాత 1920 చట్టాన్ని రద్దు చేస్తామన్నారు. ఆ భాగాన్ని మాత్రం కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్ళ వరకే 2019 డిసెంబరు 1 నుంచి అమలులోకి తెచ్చారు. మిగిలినవాళ్ళకు, అంటే పెడనలో మగ్గాల వ్యాపారికీ, చిలకలపూడి రోల్డుగోల్డు దుకాణానికీ, నాగాయలంక రొయ్యల చెరువు ఆసామికీ, నూరేళ్ళ పాత చట్టమే దిక్కు. డిపాజిట్లు సేకరించి బోర్డు తిప్పేసే సంస్థల మీద మాత్రం 1999లో రాష్ట్రం వేరే చట్టం చేసుకుంది. అక్కడ జప్తు ప్రభుత్వమే చేస్తుంది.

ఇప్పుడు ఆ నోటీసు దగ్గరికి వద్దాం. బాకీదారు ఐపీ వేసినప్పుడు ఎ షెడ్యూలులో తన అప్పులన్నీ, ఎవరికెంత బాకీయో పేర్లు, ఊర్లతో సహా రాయాలి. బి షెడ్యూలులో ఆస్తి రాయాలి. కోర్టు నుంచి వచ్చిన కవరు విప్పితే ముందుగా కనబడేవి రెస్పాండెంట్ల పేర్లు. మొదట తన పేరు వెతుక్కుంటారు, అది ఏ ఇరవయ్యో ముప్పయ్యో నంబరు దగ్గర ఉంటుంది. తర్వాత మిగతా పేర్లు చదువుతారు. పక్క వీధి ఆయన. తోడల్లుడు. అదే ఊళ్ళో తనకంటే ముందు ఇచ్చిన టీచరుగారు. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు తామొక్కరే ఇచ్చామనుకున్నవాళ్ళు, ఒకే కాగితం మీద వరుసగా నిలబడి ఉంటారు.

మిల్లుకు తాళం పడిన రోజున వీళ్ళే ఒక చోట కూర్చుని ఉంటే, చేతిలో మూడు నెలలున్నాయి. దానపట్టా కథ, బావమరిది పొలం కథ అప్పటికింకా వేడిగా ఉన్నాయి. అప్పుడు అర్జీ కాగితంలో మొదటి పేర్లు వీళ్ళవే అయ్యేవి, ఎదుటి పక్షం పేరు మిల్లు ఆసామిది. ఇప్పుడు అదే మనుషులు, అదే కోర్టు, అదే చట్టం. పేర్లు మాత్రం అటూ ఇటూ మారాయి. వీళ్ళు సంతకం పెట్టి కవరు తీసుకుని, వాయిదా తేదీ చూసుకుని, బందరు బస్సు ఎన్నింటికో కనుక్కుంటున్నారు.